కట్టిన దారమే

టెట్ అంటే నాకు తెలిసింది ఒక్కటే:
మా మెస్సులో తినే పిల్లలు
ఏటేటా రాసి, ఏటేటా తప్పే పరీక్ష.
"పండగ ఆంటీ," అంది జియెప్,
"మా వియత్నాం కొత్త సంవత్సరం.
ఒక పెద్ద గిన్నె కావాలి. పన్నెండు గంటలు ఉడకాలి."

పన్నెండు గంటలు!
రంజాన్ నెల హలీం బట్టీలు తప్ప
ఈ ఊళ్ళో అంతసేపు పొయ్యి మీద కూచునేది ఏముంది?

అటక మీంచి అత్తమ్మ గంజు దించాను.
ఇత్తడిది. నిరుడే కళాయి పోయించింది.
నీసు ఎరగని గంజు.
ఆ మాట పైకి అన్నానో లేదో
ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

మోండా మార్కెట్లో ఆ పిల్ల అడిగిన ఆకు లేదు.
ఏదో అడవి ఆకట, చేతులు చాపి వెడల్పు చూపించింది.
అరిటాకులమ్మే చంద్రకళమ్మ
"విస్తరికా బిడ్డా, పూజకా?" అంది.
నేను విడమరిచి చెప్పాను.
కాసేపు ఆలోచించి, వచ్చీరాని తెలుగులో
"రెండిటికీ" అంది జియెప్.
షేర్ ఆటోలో చెప్పింది, తన పేరుకు అర్థం ఆకేనని.
ఒళ్ళో పాతిక ఆకుల కట్ట,
కట్ట మీద చేతులు పెట్టుకుని ఇంకో ఆకు.

మేడ మీద వాచ్‌మన్ ఓదెలు మూడు ఇటుకలు పేర్చాడు.
వేప కట్టెలు, విరిగిన తలుపు చెక్క ఒకటి.
మణిపూర్ పిల్ల తెచ్చిన జిగురు బియ్యం,
నానిన పెసరపప్పు, దంచిన మిరియం.
"ఇది మా పులగమే కదే!" అన్నాను.
"కాదు," అంది కచ్చితంగా,
మడత మీద మడత వేసి
ఇటుకలా చదరంగా దారం బిగిస్తూ.

బాన్ చుంగ్. అది నేలట.
వాళ్ళ పెద్దలకు నేల చదరం, ఆకాశం గుండ్రం.
ఇడ్లీ, గారె, సర్వపిండి...
నా వంటింట్లో అన్నీ గుండ్రమే.
ముప్పై ఏళ్ళుగా ఆకాశమే వండుతున్నాను కాబోలు
నేల మీద నిలబడి, కాళ్ళు పీకుతుంటే.

తార్నాక మీంచి ఆఖరి మెట్రో పోయింది.
నీళ్ళు తగ్గినప్పుడల్లా మరిగినవే పోయాలట,
చన్నీళ్ళు తగలకూడదట.
ఫోన్లో వాళ్ళమ్మ. నామ్ దిన్ అనే ఊళ్ళో
సన్నటి ముసురు. ఆమె ముందూ ఒక గంజు, కింద మంట.
ఒకరి పొగ ఒకరం చూసుకుని నవ్వుకున్నాం.
ఆమె ఏదో అడిగింది.
పిల్ల తల అడ్డంగా ఊపి
గబగబా మాట మార్చింది.

తెల్లారి, పీట మీద పేర్చి, పైన రోటి పొత్రం ఎత్తాం
నీరంతా దిగేదాకా.
ఆకు విప్పితే, దాని పచ్చ బియ్యానికి అంటింది.
నేను కత్తి తెచ్చాను. వద్దంది.
కట్టిన దారాలనే విప్పి, అడ్డంగా నిలువుగా పరిచి,
పళ్ళెంలోకి బోర్లించి, ఒక్కొక్కటే లాగింది.
ఎనిమిది ముక్కలు.
ఇన్ని గంటలు పట్టి ఉంచిందే
ఇప్పుడు పంచిపెట్టింది.

పుల్లగా ఊరిన సాంబారు ఉల్లిపాయలతో తిన్నాం.
ఓదెలు రెండో ముక్క అడిగాడు.
పరీక్ష తప్పిన పిల్లలు ఆకులు కూడా నాకారు.

వారం తర్వాత మణిపూర్ పిల్ల నోరు జారింది.
"అందులో పంది మాంసం పడాలి ఆంటీ.
కొవ్వు కరిగి పప్పులోకి దిగాలి.
దాని ప్రాణమే అది."

ఆ మధ్యాహ్నం గంజు తోమాను,
తోమాల్సిన పనేం లేకున్నా.
ఎవరూ అడగకుండానే
ఆ పిల్ల తన పండగలోంచి
ఏం తీసి పక్కన పెట్టిందో
దాని అడుగున వెతికాను.
నా మొహమే కనిపించింది, కాస్త సొట్టగా.

గంజు మళ్ళీ అటకెక్కలేదు.
మారేడుపల్లి వైపు ఒక కొట్టు ఉందట,
ఓదెలు చెప్పాడు.
ఆదివారం పొద్దున్నే పోవాలట,
ఆలస్యమైతే మంచిది దొరకదట.